ఇస్నోఫీలియా (ఊపిరితిత్తుల వ్యాధి): చరిత్ర

వైద్యులు ఉష్ణమండల ఇస్నోఫీలియా అని పిలిచే ఈ జబ్బు ఊపిరితిత్తులకు వస్తుంది. రాత్రిపూట విడవకుండా పొడిదగ్గు, పిల్లికూతలు, ఆయాసం, సన్నజ్వరం ఉంటాయి. మనిషి బరువు తగ్గుతాడు. రక్తంలో ఇస్నోఫిల్ అనే తెల్లకణాలు మామూలుగా ఘన మిల్లీమీటరుకు 500 దాటవు. ఈ జబ్బులో 3,000 మించిపోతాయి. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లల మీద శరీరం మితిమీరి తిరగబడటమే దీనికి కారణం. ఆడవాళ్లలో కంటే మగవాళ్లలో, అందులోనూ వయసులో ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

దీన్ని చాలాకాలం క్షయగానో ఉబ్బసంగానో లెక్కగట్టారు. అది క్షయ కాదని విడదీసి చూపిన తొలి వ్యాసం 1940లో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వైద్యుల చేతిమీదుగా వెలువడింది. పురుగు పిల్లలు రోగి ఊపిరితిత్తుల్లోనే ఉన్నాయని 1960లో వేలూరు వైద్యులు చూపించారు. ఈ జబ్బును తగ్గించే మందు పుట్టిన అమెరికా ప్రయోగశాలలో అప్పట్లో పరిశోధనకు పెద్ద, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఇంటిభాషలుగా ఉన్న హోసూరు, కృష్ణగిరి ప్రాంతం ఈ చరిత్రకు పొరుగునే ఉంది. కృష్ణగిరి నుంచి ఉత్తరంగా కుప్పం, పలమనేరు, పుంగనూరు మీదుగా పోతే మదనపల్లె వస్తుంది. తూర్పుగా వాణియంబాడి, ఆంబూరు మీదుగా పోతే వేలూరు.

ఆరోగ్యవరంలో దొరికిన తేడా

దక్షిణ భారతంలోని అనేక క్రైస్తవ మిషన్లు కలిసి 1912లో క్షయ రోగుల కోసం ఒక ఆస్పత్రిని తలపెట్టాయి. 1915లో అది మదనపల్లె శివార్లలో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ చిత్తూరు జిల్లాలో, సొంత భవనాల్లో నిలదొక్కుకుంది. ఆ చోటికి ఆరోగ్యవరం అని పేరుపెట్టారు. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దానికి తొలి సూపరింటెండెంటు.

క్షయకు అప్పటికి మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి ఇచ్చేవారు. కొందరికి ఛాతీలోకి సూదితో గాలి ఎక్కించి, జబ్బుపడ్డ ఊపిరితిత్తి ముడుచుకునేలా చేసేవారు. రోగులు నెలలు, ఒక్కోసారి ఏళ్లు అక్కడే ఉండాల్సి వచ్చేది. క్షయ అన్న మాట ఒకసారి పడితే ఉద్యోగం పోయేది, పెళ్లి సంబంధం తప్పిపోయేది, ఇంట్లో కంచం వేరయ్యేది. అందుకే ఆ మాట తప్పుగా పడిన మనిషికి జరిగే నష్టం జబ్బుతో జరిగేదానికి తక్కువేమీ కాదు.

అలా క్షయ అనుకున్నవాళ్లలో కొందరి తీరు వేరుగా ఉండేది. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం అన్నీ సరిపోయేవి. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల నిండా సన్నని చుక్కలు కనబడేవి. ఒళ్లంతా పాకిన ప్రాణాంతక క్షయలోనూ అలాంటి చుక్కలే ఉంటాయి. కానీ గళ్ల పరీక్షలో క్షయ క్రిములు దొరికేవి కావు. రక్తంలో ఇస్నోఫిల్స్ మాత్రం ఆశ్చర్యపడేంతగా పెరిగి ఉండేవి. చావుకు దగ్గరపడాల్సిన రోగి కోలుకునేవాడు. ఫ్రిమోట్ మొల్లర్, ఆర్.ఎం. బార్టన్ కలిసి ఈ రోగుల గురించి 1940లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. ఇస్నోఫిల్స్ పెరుగుదలతో కూడిన, క్షయను పోలిన స్థితి ఇది అని వర్ణించారు. జబ్బుకు కారణం వాళ్లకు తెలియదు. అయినా ఆ వ్యాసం విలువ చాలా పెద్దది. క్షయకే కట్టిన ఆస్పత్రిలో, క్షయనే రోజూ చూసే కళ్లు, ఇది క్షయ కాదని ఒప్పుకోవడం తేలిక కాదు. అదే మనిషిని నెలల తరబడి దగ్గర ఉంచుకుని, గళ్ల, రక్తం, ఎక్స్‌రే మళ్లీ మళ్లీ చూసే వీలు ఉన్నచోటే ఆ తేడా పట్టుబడుతుంది. ఆరోగ్యవరంలో ఆ వీలు ఉంది, చూడాలన్న పట్టుదలా ఉంది.

అదే పట్టుదల తర్వాతి తరంలో ఇంకో దారి పట్టింది. 1950 నుంచి జొహానెస్ ఫ్రిమోట్ మొల్లర్ మదనపల్లె చుట్టుపక్కల జనానికి ఛాతీ ఎక్స్‌రేలు తీసి, క్షయ ఎంతమందిలో ఉందో, బీసీజీ టీకా ఏమాత్రం కాపాడుతుందో ఏళ్ల తరబడి లెక్కగట్టారు. 1950–55 అధ్యయనం 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయింది.

పేరు, పాషాణం

బొంబాయిలో పనిచేసిన ఆర్.జె. వైన్‌గార్టెన్ 1943లో లాన్సెట్ పత్రికలో 81 మంది రోగుల గురించి రాసి, ఉష్ణమండల ఇస్నోఫీలియా అన్న పేరు పెట్టారు. సుఖరోగానికి అప్పట్లో వాడే పాషాణపు (ఆర్సెనిక్) ఇంజెక్షన్లతో ఈ దగ్గూ తగ్గుతోందని ఆయన గమనించారు. తర్వాత చాలా ఏళ్లు అదే చికిత్సగా నడిచింది. మందు పనిచేసేది కానీ విషం, పైగా ఎందుకు పనిచేస్తోందో ఎవరూ చెప్పలేకపోయారు.

పురుగు జాడ

ఫైలేరియా దోమకాటుతో వస్తుంది. పెద్ద పురుగులు శోషరస నాళాల్లో కాపురం పెట్టి పిల్లలను వదులుతాయి. మామూలు ఫైలేరియా రోగిలో ఆ పిల్లలు రాత్రివేళ రక్తంలోకి వస్తాయి. అందుకే ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట ఇంటింటికీ వచ్చి వేలి నుంచి నెత్తురు చుక్క తీసుకుంటారు. ఇస్నోఫీలియా రోగి నెత్తుట్లో ఎంత వెతికినా అవి దొరకవు. ఈ ఒక్క కారణంగానే ఫైలేరియాకూ ఈ దగ్గుకూ ముడిపెట్టడానికి ఏళ్లు పట్టింది. 1939లోనే డచ్చివారి ఏలుబడిలోని ఇండోనేషియాలో మేయర్స్, కౌవెనార్ అనే వైద్యులు ఇస్నోఫిల్స్ బాగా పెరిగిన రోగుల గ్రంథుల్లో పురుగు పిల్లల అవశేషాలు చూశారు. సింగపూర్‌లో టి.జె. దనరాజ్ 1958లో ఫైలేరియా మందుతో ఈ రోగులు కోలుకుంటున్నారని చూపారు.

గట్టి రుజువు వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ నుంచి వచ్చింది. వెబ్, జాబ్, గాల్ట్ అనే ముగ్గురు వైద్యులు రోగుల ఊపిరితిత్తి, కాలేయం, శోషరస గ్రంథుల నుంచి చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శిని కింద చూశారు. చుట్టూ ఇస్నోఫిల్స్ ముసురుకుని ఉండగా మధ్యలో పురుగు పిల్లలు కనిపించాయి. 1960లో లాన్సెట్ ఆ ఫలితాన్ని ప్రచురించింది. రక్తంలో అవి ఎందుకు దొరకవో దాంతో తేటతెల్లమైంది. ఈ రోగుల శరీరం వాటిని నెత్తుట్లో తిరగనివ్వదు. ఊపిరితిత్తుల్లోనే పట్టి చంపుతుంది, ఆ పోరాటమే దగ్గూ ఆయాసమూ అవుతుంది.

మందు

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. మందు కోసం వెతుకులాట జోరందుకుంది. న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలల్లో సుబ్బారావు నేతృత్వంలోని బృందం డైఇథైల్ కార్బమజీన్‌ను వెలికితీసి 1947లో ప్రకటించింది. మార్కెట్లోకి అది హెట్రజాన్ పేరుతో వచ్చింది. మరుసటి ఏడాదే, 1948 ఆగస్టులో, 53 ఏళ్లకు సుబ్బారావు కన్నుమూశారు. మదనపల్లె వైద్యులు వర్ణించిన జబ్బుకు తన మందే విరుగుడని తేలేనాటికి ఆయన లేరు. కిలో బరువుకు రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున మూడు వారాలు వైద్యుల పర్యవేక్షణలో వాడటం తర్వాత ప్రామాణిక చికిత్స అయింది. చాలామందిలో దగ్గు కొద్దిరోజుల్లోనే తగ్గుముఖం పడుతుంది.

మూడు వారాల తర్వాత

దగ్గు తగ్గితే జబ్బు పోయినట్టేనా? మద్రాసు క్షయ పరిశోధన కేంద్రంలో డాక్టర్ వి.కె. విజయన్ ఈ ప్రశ్న వెంటపడ్డారు. ఆ కేంద్రానికి అప్పటికే గొప్ప పేరుంది. క్షయ మందులు ఇంటిదగ్గర ఉండి మింగినా ఆస్పత్రిలో ఉన్నంత బాగా నయమవుతుందని 1959లో లోకానికి చూపింది అదే. ఆరోగ్యవరం లాంటి ఆస్పత్రుల్లో ఏళ్లు గడపాల్సిన అవసరం దాంతో తీరింది. విజయన్ అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి, గొట్టం ద్వారా రోగి ఊపిరితిత్తిలోకి ఉప్పునీరు పంపి, దాన్ని తిరిగి తీసి పరీక్షించారు. 1987లో వెలువడిన ఫలితాల్లో, ఆ నీటిలో దొరికిన కణాల్లో దాదాపు సగం ఇస్నోఫిల్సే. ఆరోగ్యవంతుల్లో అవి నూటికి ఒకటో రెండో. చికిత్సతో ఊపిరితిత్తుల్లోని వాపు వేగంగా తగ్గింది. కానీ కొందరిలో ఏడాది తర్వాత కూడా కొంత మిగిలే ఉందని 1990లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. పట్టించుకోకుండా వదిలేస్తే ఊపిరితిత్తులు గట్టిపడి, మళ్లీ మెత్తబడని స్థితికి చేరతాయి. అక్కడిదాకా వచ్చాక మందు చేయగలిగేది కొంచెమే.

హోసూరు, కృష్ణగిరిలో ఇప్పుడు

2004 నుంచి ఫైలేరియా ఉన్న జిల్లాల్లో జనమందరికీ ఏటా మాత్రలు పంచడంతో ఫైలేరియాతో పాటు ఈ జబ్బు కూడా తగ్గుతూ వచ్చింది. అందుకే కొత్త తరం వైద్యులకు ఇది గుర్తుకు రాకపోయే ప్రమాదం ఉంది. హోసూరు సిప్కాట్ ఫ్యాక్టరీల్లో ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవాళ్లు ఎందరో పనిచేస్తున్నారు. ఆ రాష్ట్రాల్లో ఫైలేరియా జిల్లాలు ఇంకా ఉన్నాయి. రాత్రంతా దగ్గే కార్మికుడికి గళ్ల పరీక్షలో క్షయ లేదని తేలితే, పుట్టి పెరిగింది ఎక్కడని అడగాలి, రక్తంలో డిఫరెన్షియల్ కౌంట్ (తెల్లకణాల రకాల లెక్క) చేయించాలి. వీధి చివరి ల్యాబులో కూడా జరిగే చవకైన పరీక్ష అది.

అయితే ఇస్నోఫిల్స్ పెరిగిన ప్రతి దగ్గూ ఈ జబ్బు కాదు. ఉబ్బసం, మందుల ఎలర్జీ, కడుపులో పురుగులు కూడా వాటిని పెంచుతాయి. వాటిలో స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు మరీ ప్రమాదకరం. అది ఉన్న మనిషికి ఉబ్బసమనుకుని స్టెరాయిడ్లు ఎక్కువగా ఇస్తే పురుగులు ఒళ్లంతా పాకి, రోగి వెంటిలేటర్ మీదికి వెళ్లే పరిస్థితి వస్తుంది, ప్రాణమూ పోవచ్చు. కాబట్టి స్టెరాయిడ్లకు ముందు మలపరీక్ష జరగడం అవసరం.