బందరు కోట చూసొద్దామా?

మన ముదినేపల్లి ఆడవాళ్లం బందరు వెళ్తే కోర్టు పనికో, కార్తీక పున్నమికి మంగినపూడి సముద్రస్నానానికో. కోట వైపు ఎందరం తొంగిచూశాం? ఈసారి పొద్దున్నే గుడివాడ వెళ్లి, బస్సో రైలో పట్టుకుని ఎండ ముదరకముందే బందరు చేరండి.

ముందు ఊళ్లోని డచ్చివారి సమాధులు చూడండి. 17వ శతాబ్దపు రాళ్లమీద పేర్లు, వంశచిహ్నాలు చెక్కి ఉంటాయి. మన అద్దకం బట్టల కోసం అంత దూరం నుంచి వచ్చి, ఇక్కడే కన్నుమూసినవారు. తరవాత సముద్రం వైపు కోటకు వెళ్లండి. ఇంగ్లీషువారు 1611లో బందరులో దిగారు. 1759లో ఫ్రెంచివారి నుంచి కోట గుంజుకున్నారు. ఈ దొరల తగువులు నాకంతగా పట్టవు గాని, 1864 నవంబరు 1 రాత్రి తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఉప్పెన వచ్చి కోటనూ ఊరినీ ముంచేసింది. సుమారు 30,000 మంది పోయారు. దొరల పేర్లు రాళ్లమీద చదువుకుంటాం. బిడ్డల్ని చంకనేసుకుని మునిగిపోయిన తల్లుల పేర్లు ఎక్కడ వెతుక్కోవాలమ్మా?

పిల్లల్ని తీసుకెళ్తే ఈ సంగతి కోట దగ్గరే చెప్పండి. గొడుగూ, మంచినీళ్లూ మరిచిపోకండేం!