కళ్ళకలక కాదు

కిందటేడు మా కురుచికుప్పంలో ఒక మిత్రుడి కన్ను ఎర్రబడింది. ఊపిరితిత్తుల కాన్సర్‌కి మూడు వారాలకోసారి పెంబ్రోలిజుమాబ్ ఎక్కించుకుంటున్నాడు. పక్కింటావిడ దిష్టి అంది. మందుల షాపువాడు కళ్ళకలక అని చుక్కలిచ్చాడు. బంధువొకాయన "ఇమ్యూనిటీ తగ్గిపోయింది" అంటూ చ్యవనప్రాశ పంపాడు. జరిగింది సరిగ్గా దానికి తలకిందులు.

1891లో న్యూయార్క్ సర్జన్ విలియం కోలీ ఒక కాన్సర్ రోగికి కావాలనే సూక్ష్మక్రిములు ఎక్కించాడు. జ్వరమొస్తే ఒంటి రక్షణ దళం మేలుకుని కణితిని కరిగిస్తుందని ఆశ. కొందరికి కరిగింది కూడా, ఎందుకో ఆయన తేల్చలేకపోయాడు. రేడియేషన్ వచ్చాక ఆ పద్ధతి మూలపడింది. వందేళ్ళకి అసలు సంగతి తెలిసింది: దళానికి బ్రేకులున్నాయి. 1996లో జేమ్స్ ఆలిసన్ బృందం సీటీఎల్ఏ-4 అనే బ్రేకుని అడ్డుకుంటే ఎలుకల్లో కణితులు కరుగుతాయని చూపింది. జపాన్‌లో తసుకు హోంజో బృందం 1992లోనే కనుక్కున్న పీడీ-1 కూడా అలాంటిదేనని తర్వాత తేలింది. 2011లో అమెరికాలో ఇపిలిముమాబ్‌కి అనుమతి, 2018లో ఇద్దరికీ నోబెల్.

నేను బీకాం చదివి డిఫెన్స్ అకౌంట్స్‌లో రిటైరైనవాణ్ణి. బిల్లులు ఆపే సెక్షన్‌ని అందరూ తిడతారు. దాన్ని ఎత్తేస్తే ఏమవుతుందో మాకు తెలుసు. ఇమ్యూనిటీ పెంచుతామని డబ్బాలు అమ్మేవాళ్ళు ఈ సంగతి చెప్పరు.

కన్ను మరీ సున్నితం. 1948లో పీటర్ మెడవార్ ఒక కుందేలు కంటి ముందు గదిలో మరో కుందేలు చర్మం ముక్క పెట్టాడు. మామూలు చోట పెడితే ఒళ్ళు తోసేసేదే. అక్కడ మాత్రం రక్తనాళాలు చేరనంతకాలం బతికింది. లోపల వాపు వస్తే చూపుకే ప్రమాదం గనక, కన్ను తన గడపలో పోరాటాన్ని అణచి ఉంచుతుంది. బ్రేకు తీసే మందు పడ్డాక ఆ కట్టడి ఒక్కోసారి సడలుతుంది. నూటికి ఒకరిద్దరికి కంటి ఇబ్బందులొస్తాయి: కళ్ళు పొడిబారడం, యువైటిస్ అనే మధ్య పొర వాపు, అరుదుగా మయస్తీనియాతో రెప్పలు వాలిపోవడం. ఈ చివరిది ఊపిరి మీదకీ రావచ్చు, ఆలస్యం చేయకూడదు.

మావాడిది యువైటిస్. పది రోజులు షాపు చుక్కలతో పోయాయి. వెలుతురు చూడలేక, అక్షరాలు మసకేసి, అప్పుడు కంటి డాక్టర్ దగ్గరికెళ్ళాడు. స్టెరాయిడ్ చుక్కలతో తగ్గింది. కాన్సర్ డాక్టర్ ఒక విడత ఇంజెక్షన్ ఆపి, మళ్ళీ మొదలుపెట్టారు.

స్టెరాయిడ్లు చాలని యువైటిస్‌కి డాక్టర్లు వాడేవాటిలో మెథోట్రెక్సేట్ ఒకటి. 1940ల్లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని తయారుచేసింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందమే. అదీ కాన్సర్ మందుగానే మొదలైంది. మావాడికి దాని అవసరం రాలేదు.