నాయంకర వ్యవస్థ

కాకతీయుల ఓరుగల్లులో సైన్యాన్నీ సమాజాన్నీ ముడివేసిన ఏర్పాటు నాయంకరం. ఇవాళ్టి వరంగల్ నగరమే ఆనాటి ఆ రాజధాని. రాజు నాయకునికి గ్రామాల ఆదాయం వదిలేవాడు. ఆ రాబడితో అతడు సైన్యాన్ని పోషించి, పిలుపు రాగానే యుద్ధానికి కదలాలి. రుద్రమదేవి (1262–1289), ప్రతాపరుద్రుడు (1289–1323) దీన్ని బలపరిచారు.

దీన్ని గ్రీకు స్పార్టాతో పోల్చేవారున్నారు, పోలిక కొంతవరకే. అక్కడ యోధత్వం పుట్టుకతో వచ్చే పౌరహక్కు, పొలం దున్నేది హెలాట్లనే బానిసలు. ఇక్కడ కత్తి పట్టినవాడు పైకి రాగలిగాడు. కాకతీయులే పలు శాసనాల్లో తమది చతుర్థకులమని, అంటే శూద్రులమని చెప్పుకున్నారు, దాచుకోలేదు. కాకతీయ సైన్యంలో రాజుకోసం ప్రాణమిస్తామని ప్రమాణం చేసిన అంగరక్షకులూ ఉండేవారు, వారే లెంకలు.

సామాన్య భటుడి గొంతు అరుదుగా వినిపిస్తుంది. నల్గొండ ప్రాంతపు చందుపట్ల శాసనం (1289) అలాంటిది: మరణించిన రుద్రమదేవికీ, సేనాని మల్లికార్జున నాయకునికీ పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే భటుడు భూమి దానమిచ్చాడు. రాణి మరణకాలం తెలిసింది ఆ రాతివల్లే.

1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ చేతిలో ఓరుగల్లు పడిపోయాక, ముసునూరి నాయకుల వంటివారు సొంత రాజ్యాలు నిలబెట్టారు.