హ్యాకింగ్: బొమ్మ రైళ్ల నుంచి సెక్షన్ 66 దాకా

అమెరికాలోని ఎమ్‌ఐటీలో బొమ్మ రైళ్లు నడిపే విద్యార్థుల క్లబ్బు ఒకటుంది. 1955 ఏప్రిల్ నాటి దాని మినిట్స్‌లో ఈ మాట కనిపిస్తుంది: వైరింగ్‌తో హ్యాకింగ్ చేసేవాళ్లు ఫ్యూజు పోకుండా ముందు కరెంటు ఆపాలట. నేరం వాసనే లేదు. 1963లో అక్కడి విద్యార్థి పత్రిక టెలిఫోన్ హ్యాకర్ల ఆగడాలు రాసింది. మాటకి మచ్చ అప్పటికే పడింది.

మన ఐటీ చట్టం 2000లో సెక్షన్ 66కి హ్యాకింగ్ అనే పేరే పెట్టింది. 2008 సవరణలో పేరు పోయి, చేసినవాడి దురుద్దేశం, మోసం చూడాలన్న షరతు వచ్చింది. రావాల్సిందే. జనం వాడుక మాత్రం వేరు. ఓటీపీ మనమే చెప్పేసి ‘అకౌంట్ హ్యాకైంది’ అంటాం. తలుపు తీసిచ్చి కన్నం వేశారన్నట్టు!

ఉద్దేశం లెక్క ఎంత చిక్కో 2010లో హైదరాబాద్ చూసింది. ఇంజినీరు వేమూరు హరిప్రసాద్, విదేశీ పరిశోధకులు అలెక్స్ హాల్డర్‌మన్, రాప్ గాంగ్‌గ్రైప్‌ల బృందం ఓటింగ్ యంత్రం విప్పి, డిస్‌ప్లే బోర్డు స్థానంలో అచ్చం అలాంటిదే పెట్టి, బ్లూటూత్‌తో ఫోన్ నుంచి అంకెలు మార్చి చూపించింది. యంత్రం ఎవరిచ్చారో హరిప్రసాద్ చెప్పలేదు. ఆగస్టులో అరెస్టు చేశారు. కేసు హ్యాకింగ్‌ది కాదు, యంత్రం దొంగతనానిది. అదే ఏడాది అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆయనకి పయనీర్ అవార్డు ఇచ్చింది.