చైన్‌రింగ్ మార్పు (ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్)

సైకిల్లో పెడళ్ల దగ్గర ఉండే పళ్ల చక్రాన్ని చైన్‌రింగ్ అంటారు. దాన్ని విప్పి, పళ్లు ఎక్కువో తక్కువో ఉన్న మరో రింగ్ బిగించడమే చైన్‌రింగ్ మార్పు. మామూలు సైకిల్లో ఇది తొక్కేవారి కాళ్ల సత్తువను బట్టి జరిగే పని. మోటారు పెడళ్ల ఇరుసు చుట్టూనే అమరి ఉండే మిడ్-డ్రైవ్ బైకులో వ్యవహారం వేరు. అక్కడ మోటారు ఇచ్చే శక్తి కూడా అదే చైను మీదుగా, అవే గేర్ల మీదుగా వెనక చక్రానికి చేరుతుంది. కాబట్టి ముందు పళ్లు మారిస్తే మనిషికే కాదు, మోటారుకూ గేరు మారినట్టే. పెద్ద రింగ్ వేస్తే బండి ఇంకా వేగంగా పోతుందనే ఆశతో చాలామంది ఈ పనికి పూనుకుంటారు. వేగానికి చట్టం హద్దు గీసిన దేశాల్లో ఆ ఆశ చాలామటుకు నెరవేరదు. ఈ మార్పు ఫలితం నిజంగా తెలిసేది నిట్టనిలువు ఎక్కుడులో, మోటారు ఏ వేగంతో తిరుగుతోందన్న దగ్గర.

పళ్ల లెక్క

ఇప్పటి ఎలక్ట్రిక్ మౌంటెన్ బైకుల్లో ముందు ఒకే రింగ్, వెనక పెద్ద క్యాసెట్ (పళ్ల చక్రాల కట్ట) ఉండటం రివాజు. షిమానో పన్నెండు గేర్ల క్యాసెట్‌నే తీసుకుంటే దాని పళ్లు వరసగా 10, 12, 14, 16, 18, 21, 24, 28, 33, 39, 45, 51. ముందు 34 పళ్ల రింగ్ ఉందనుకుందాం. 29 అంగుళాల చక్రానికి లావు టైరు వేస్తే ఒక చుట్టుకు దాదాపు 2.3 మీటర్లు పోతుంది. అన్నిటికన్నా తేలిక గేరులో, అంటే వెనక 51 పళ్ల మీద, పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి మీటరున్నర పైచిలుకు కదులుతుంది. అన్నిటికన్నా బరువు గేరులో 7.8 మీటర్లు కదులుతుంది.

నిమిషానికి 80 చుట్ల చొప్పున తొక్కితే ఇవి గంటకు 7.4, 37.5 కిలోమీటర్ల వేగాలవుతాయి. 32 పళ్ల రింగ్ వేస్తే అవే 6.9, 35.3 అవుతాయి. 38 పళ్ల రింగుతో 8.2, 42 అవుతాయి. రెండు పళ్ల తేడా అంటే సుమారు ఆరు శాతం. క్యాసెట్లో ఒక గేరు నుంచి పక్క గేరుకు మారితే వచ్చే తేడా 13 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. అంటే 34 తీసి 32 వేయడం అరగేరు దించినంత పని కూడా కాదు. అంత చిన్న తేడాకు ఇంత చర్చ ఎందుకని అనిపించవచ్చు. మధ్య గేర్లలో అది నిజంగానే అక్కర్లేని చర్చ. 51 దాటాక దించడానికి ఇంకో గేరు లేదు కాబట్టే ఆ ఆరు శాతానికి విలువ.

వేగ పరిమితి దగ్గర

యూరోపియన్ యూనియన్‌లో 250 వాట్ల నిరంతర సామర్థ్యం గల మోటారు గంటకు 25 కిలోమీటర్ల దాకానే సాయం చేయాలి. అమెరికాలో చాలా రాష్ట్రాలు పాటించే వర్గీకరణలో ఒకటో తరగతి బైకుకు ఈ హద్దు 20 మైళ్లు, అంటే 32 కిలోమీటర్లు. బండి వేగాన్ని వెనక చక్రం దగ్గరి సెన్సార్ కొలుస్తుంది. ముందు రింగ్ ఎంతదైనా దానికి సంబంధం లేదు. పెద్ద రింగ్ వేసి మోటారును ఏమార్చడం కుదరదు.

34 పళ్ల రింగుతో 80 చుట్ల తొక్కుడులో, వెనక 16 పళ్ల మీద వేగం 23.5 కిలోమీటర్లు. 14 పళ్ల మీదికి మారితే 26.8. అంటే యూరప్‌లో 14, 12, 10 పళ్ల గేర్లు మూడూ మోటారు తప్పుకున్నాక వాడుకునేవే. అప్పుడు పాతిక కిలోల బరువున్న బండిని కాళ్లతోనే లాగాలి. 36 పళ్ల రింగ్ వేసినా వెనక 16 మీదే 24.8 కిలోమీటర్లకు చేరుకుంటాం, ఆ మూడు గేర్లూ అలాగే మిగిలిపోతాయి. రోడ్డు మీద దిగుడులో తొక్కుతూ పోయేవారికి తప్ప పెద్ద రింగ్ వల్ల ఒరిగేది లేదు. 45 కిలోమీటర్ల దాకా సాయం చేసే వేగపు బైకుల సంగతి వేరు. 34 పళ్ల రింగుతో ఆ వేగం అందుకోవాలంటే నిమిషానికి 96 చుట్లు తొక్కాలి. అందుకే వాటికి నలభై దాటిన రింగులు కనిపిస్తాయి.

ఎక్కుడులో మోటారు

శక్తి అంటే టార్క్‌ను, అంటే మెలితిప్పే బలాన్ని, తిరిగే వేగంతో గుణించడం. 85 న్యూటన్ మీటర్ల మోటారు, నిమిషానికి 40 చుట్ల దగ్గర తన టార్క్ మొత్తం ఇచ్చినా వచ్చేది 356 వాట్లే. అదే టార్క్ 55 చుట్ల దగ్గర 490 వాట్లవుతుంది. రాళ్లూ వేళ్లూ ఉన్న ఏటవాలులో పెడళ్లు భారంగా, ఆగి ఆగి తిరుగుతుంటే బైకు నీరసించినట్టు అనిపించడానికి కారణం బ్యాటరీ కాదు, ఈ గుణకారమే. ఘాట్ రోడ్డు మీద లారీ డ్రైవరు ఇంజను మొరాయించకముందే గేరు దించినట్టు ఇక్కడా తొక్కుడు వేగం పడిపోకముందే తేలిక గేరులోకి దిగాలి. దిగడానికి గేరు మిగిలి లేనివారికి చిన్న రింగ్ పనికొస్తుంది.

వేడి సంగతి కూడా ఉంది. మోటారు ఇచ్చే టార్క్ దాని తీగల్లో పారే కరెంటును బట్టి ఉంటుంది. తీగల్లో పుట్టే వేడి ఆ కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అదే ఎక్కుడు, అదే వేగం, అదే వెనక గేరు అనుకుంటే, 34 బదులు 32 పళ్ల రింగుతో కావలసిన టార్క్ ఆరు శాతం తగ్గుతుంది. తీగల వేడి 11 శాతం దాకా తగ్గుతుంది. బాగా కాగిన మోటారు తనను తాను కాపాడుకోవడానికి సాయం తగ్గించుకుంటుంది. పొడవాటి ఎక్కుడు మీద ఎండలో తొక్కేవారికి ఈ పదకొండు శాతం చిన్నది కాదు.

మనిషి వంతునూ మరిచిపోకూడదు. 70 కిలోల మనిషి 165 మిల్లీమీటర్ల క్రాంక్ (పెడల్‌ను ఇరుసుకు కలిపే చేయి) మీద తన బరువంతా మోపి నిలబడితే ఇరుసు మీద పడేది 113 న్యూటన్ మీటర్లు. మోటారు 85 దానికి కలిస్తే ఆ క్షణాన చైను మీది లాగుడు, 34 పళ్ల రింగుకు, దాదాపు 2,900 న్యూటన్లు. 2024లో వచ్చిన డీజేఐ అవినాక్స్ మోటారు ఒక్కటే 105 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. ఈ బైకుల్లో చైన్లు తొందరగా ఎందుకు అరుగుతాయో ఈ అంకెలే చెబుతాయి.

అరుగుదల

చిన్న రింగ్ చైనును తొందరగా తినేస్తుందన్న మాట సగమే నిజం. ఒకే ఎక్కుడును వెనక అదే 51 పళ్ల మీద ఎక్కితే, ముందు రింగ్ ఎంతదైనా చైను మీది లాగుడు మారదు. దాన్ని నిర్ణయించేది వెనక పళ్ల చక్రం. తేడా వచ్చేది చదును నేల మీద. చిన్న రింగ్ ఉన్నవారు అదే వేగానికి వెనక చిన్న చక్రం వాడాలి. అక్కడ లాగుడు ఎక్కువ, చైను ఎక్కువ వంగాలి, కొన్ని పళ్ల మీదే భారమంతా పడుతుంది. రోజంతా చదును దారుల్లో తిరిగేవారికి పెద్ద రింగ్, పెద్ద వెనక చక్రం జోడీయే ఎక్కువ కాలం మన్నుతుంది.

అరిగిన చైను మీద కొత్త రింగ్ వేయడం డబ్బు దండగ. 12 గేర్ల చైను అర శాతం సాగితే మార్చాలన్నది మెకానిక్కుల లెక్క. రింగ్ మార్చేటప్పుడే గేజ్ పెట్టి చూసుకోవడం మంచిది.

బాష్ పాత మోటారు

2014 నాటి బాష్ రెండో తరం మోటారుకు ఈ లెక్కలు నేరుగా వర్తించవు. అందులో ముందు పళ్ల చక్రం పెడల్ ఒక చుట్టు తిరిగితే రెండున్నర చుట్లు తిరుగుతుంది. అందుకే దానికి 14, 15, 16 పళ్ల బుల్లి చక్రాలు ఉంటాయి. 16 పళ్ల చక్రం మామూలు లెక్కలో 40 పళ్లతో సమానం. కొత్తగా చూసేవారు బైకుకు వెనక పళ్ల చక్రం తెచ్చి ముందు పెట్టారేమో అనుకుంటారు. ఇక్కడ ఒక్క పన్ను మార్చినా ఆరేడు శాతం తేడా వస్తుంది, బుల్లి పళ్లు అరగడమూ తొందరే. 2019లో వచ్చిన నాలుగో తరం పెర్ఫార్మెన్స్ లైన్ సీఎక్స్‌తో బాష్ ఈ అమరిక వదిలి మామూలు కొలత రింగుకు వచ్చింది. పాత మోటారు రింగ్ కొత్తదానికి, కొత్తది పాతదానికి పనికిరావు.

మార్చే పని

ముందు మోటారు ఆపి, బ్యాటరీ తీయగలిగితే తీసేయాలి. చైను వెనక చిన్న పళ్ల మీద ఉంచి, క్విక్ లింక్ విప్పి పక్కన పెట్టుకుంటారు. షిమానో మోటారైతే క్రాంక్‌ను పట్టి ఉంచే రెండు అలెన్ బోల్టులు వదులు చేసి క్రాంక్ బయటికి లాగాలి. ఆ తరవాత కనిపించేది లాక్ రింగ్. పని చెడేది ఎక్కువగా ఇక్కడే. కొన్ని మోటార్లలో దీనికి ఎడమ మర ఉంటుంది, మామూలుగా విప్పే దిశలో బలం పెడితే ఇంకా బిగుసుకుంటుంది. మర దిశ మాన్యువల్లో చూసుకోకుండా పొడవాటి రెంచి పెట్టకూడదు. లాక్ రింగుకు దాని సొంత టూలే వాడాలి, సుత్తీ స్క్రూడ్రైవరూ కాదు. రింగ్ ఊడి వచ్చాక దాని గాళ్లలో ఇరుక్కున్న బురద బ్రష్‌తో తుడిచి, పలచగా గ్రీజు రాసి కొత్తది కూర్చోబెడతారు. క్రాంక్ బోల్టులు రెండూ ఒకదాని తరవాత ఒకటి, కొంచెం కొంచెంగా, 12 నుంచి 14 న్యూటన్ మీటర్ల దాకా టార్క్ రెంచితో బిగిస్తారు.

కొనేటప్పుడు చూడాల్సింది పళ్ల సంఖ్య ఒక్కటే కాదు. రింగ్ ఎంత లోపలికి కూర్చుంటుందన్న కొలత, అంటే చైన్‌లైన్, బైకుకు సరిపడాలి. 55 మిల్లీమీటర్లకు చేసిన బైకులో 52 మిల్లీమీటర్ల రింగ్ వేస్తే పెద్ద రింగ్ చైన్‌స్టే గొట్టానికి రాసుకునే ప్రమాదం ఉంది. నాలుగు బోల్టులు 104 మిల్లీమీటర్ల వృత్తంలో ఉన్న స్పైడర్ (రింగును పట్టే భాగం) ఉంటే మామూలుగా 32 పళ్ల కన్నా చిన్న రింగ్ పట్టదు. పళ్లు ఒకటి సన్నం, ఒకటి వెడల్పుగా ఉన్న రింగే తీసుకోవాలి. లేకపోతే కుదుపులకు చైను జారుతుంది.

చైను పొడవుకు ఒక సులువైన లెక్క ఉంది. రింగుకు రెండు పళ్లు పెరిగితే చైను అర అంగుళం పొడవు కావాలి. చైను లింకులను జతలుగానే కోస్తారు కాబట్టి రెండు పళ్ల తేడాను ఉన్న చైనే చాలావరకు ఓర్చుకుంటుంది. నాలుగు పళ్లు పెరిగితే ఒక జత కలపాల్సిందే. వెనక సస్పెన్షన్ ఉన్న బైకులో షాక్ గాలి తీసి, చక్రం పూర్తిగా పైకి వచ్చినప్పుడు 51 పళ్ల మీద చైను బిగుసుకుపోవడం లేదని చూసుకోవాలి. అది చూడకుండా కొండ దిగితే, మొదటి పెద్ద దెబ్బకే గేర్లు మార్చే డీరెయిలరూ దాన్ని పట్టే హ్యాంగరూ పోతాయి.

సస్పెన్షన్ మీద ప్రభావం కొద్దిగా ఉంటుంది. చిన్న రింగ్ వేస్తే చాలా డిజైన్లలో తొక్కేటప్పుడు వెనక భాగం కుంగడం తగ్గుతుంది, దానికి బదులుగా దెబ్బ తగిలినప్పుడు పెడల్ వెనక్కి తన్నడం పెరుగుతుంది. రెండు పళ్ల తేడాకు రింగ్ కింది అంచు నాలుగు మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. రాళ్ల మీద అదో చిన్న లాభం.

నిబంధనలు

చైన్‌రింగ్ పళ్లు మార్చినా సాయం ఆగే వేగం మారదు కాబట్టి బైకు తరగతి మారదు. అయినా జర్మనీ సైకిల్ పరిశ్రమ విడిభాగాల మార్పుపై వెలువరించిన మార్గదర్శకం, తయారీదారు అనుమతి లేకుండా చైన్‌రింగ్ మార్చాలంటే పళ్లూ వ్యాసమూ ఆ బైకుకు మొదట ఇచ్చిన పరిధిలోనే ఉండాలంటుంది. వారంటీ దృష్ట్యా డీలరును ముందే అడగడం మేలు.

భారత్‌లో మోటారు సామర్థ్యం 250 వాట్లలోపు, వేగం 25 కిలోమీటర్లలోపు ఉన్న సైకిల్‌ను మోటారు వాహనంగా లెక్కించరు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. హైదరాబాద్, విశాఖ షాపుల్లో కనిపించే ఎలక్ట్రిక్ సైకిళ్లలో ఎక్కువవాటికి మోటారు వెనక చక్రం హబ్‌లోనే ఉంటుంది. అలాంటి సైకిల్లో మోటారు శక్తి చైను మీదుగా పోదు. అక్కడ ముందు రింగ్ మారిస్తే తేలికయ్యేది కాళ్ల పని మాత్రమే, మోటారు వేడికీ సాయానికీ దానితో సంబంధం ఉండదు.