నెల్లూరు తీరమున నూలువడకు నిండ్లు

పాఠశాలలలో మేము బోధించు చరిత్రగ్రంథములయందు దుగరాజపట్టణమునకు రెండు పంక్తులకు మించి చోటు దొరకదు. పూర్వపు నెల్లూరు జిల్లా తీరమున నున్న ఈ గ్రామమున 1626 ప్రాంతమున ఇంగ్లీషు వర్తకులు కొఠీ నెలకొల్పిరనియు, దానిని వారు ఆర్మగాం అని పిలిచిరనియు, ఆ కొఠీ కధికారియైన ఫ్రాన్సిసు డే 1639లో దామెర్ల వేంకటాద్రినాయకునివలన చెన్నపట్టణపు భూమిని సంపాదించి మఱుసటి యేడు అచ్చటికి తరలిపోయెననియు బాలురు వల్లించుచుందురు. ఆ దొర ఏల వచ్చెను, ఏల పోయెను అని యడిగినచో ఉత్తరము చెప్పువారరుదు. వచ్చినది వస్త్రముకొఱకు, పోయినదియు అచ్చట వస్త్రము చౌకగా దొరకునను ఆశతోడనే. అంతకుముందే పులికాటున నెలకొనియున్న డచ్చివారిని ఈ తీరమునకు రప్పించినదియు ఆ బట్టలే. ఇచ్చటి నేతబట్టలను, అద్దకపు బట్టలను తూర్పుదీవులకు గొనిపోయి, వానికి మాఱుగా మిరియములు, లవంగములు, జాజికాయలు తెచ్చుట ఆనాటి వ్యాపారమునకు ప్రాణము.

కోటలు కట్టినవారి పేర్లు మనకు తెలియును. ఆ కోటలకు కారణమైన బట్టలను నేసినవారి పేర్లు తెలియవు. ఆ బట్టకు కావలసిన నూలును వడికినవారు వేఱుగా ఉండిరను సంగతియే మనకు స్ఫురింపదు. ఈ మూడవవారిని గూర్చియే మేమిచ్చట ముచ్చటింపదలచితిమి. వారు స్త్రీలు, వారి కార్యశాల గృహము.

నెల్లూరు తీరభూమి వరిపంటకు పేరుపొందినది. ఇచ్చటి గొఱ్ఱెలు దేశమంతట ప్రసిద్ధములే గాని, వాని మేన నుండునది పొట్టి వెండ్రుక. కంబళికి పనికివచ్చు ఉన్ని కాదు. కావున గృహముల చేతిపనికి ముఖ్యాధారము ప్రత్తియే. ఆ ప్రత్తి నల్లరేగడి నేలల పంట. దక్కనునుండి లంబాడీలు దానిని ఎద్దులపై మోయించి కోరమాండల తీరమునకు చేర్చుచుండెడివారు. ప్రత్తినుండి గింజను వేఱుచేయవలెను. దూదేకులవారు వింటితో దూదిని ఏకవలెను. ఏకిన దూదిని ఏకులుగా చుట్టవలెను. రాట్నముపై వడికి చిలపలు కట్టవలెను. అటుపిమ్మట గంజిపెట్టి, ఆసుపోసి, పడుగు సిద్ధపఱచి, పేకకు కండెలు చుట్టినగాని మగ్గము సాగదు. సాలెయింట పురుషుడు మగ్గపు గుంటలో కూర్చుండును. భార్యయు తల్లియు పిల్లలును చేయిసాయము చేయకున్న అతని నాడె కదలదు.

నేత కులవృత్తి యయ్యెను గాని వడకుట ఏ కులమునకును కట్టుబడలేదు. జందెముల నూలు వడకు బ్రాహ్మణ వితంతువును, పొలముపని లేని దినముల కాపుటింటి కోడలును, ముతకబట్టల నేతయందు ఆరితేరిన మాలపల్లెలోని యిల్లాలును కదురు త్రిప్పినవారే. ఒకరి యింటి గడప ఒకరు త్రొక్కనొల్లని కాలమున గూడ వీరి నూలు ఒక్క మగ్గముపై పడుగును పేకయునై కలిసెను. బట్టను ధరించినవారు అది యెవరు తాకిన నూలని యడిగినట్లు మేము వినలేదు!

ఈ శ్రమ యెంతటిదో లెక్కించి చూతము. ఇంగ్లీషు లెక్కచొప్పున ఒక పౌను నూలులో 840 గజముల చిలపలు ఎన్ని యుండునో అది ఆ నూలు నంబరు. 20 నంబరు నూలు ఒక పౌనునకు 16,800 గజములుండును. చేయితిరిగిన స్త్రీ రాట్నముపై గంటకు 300 మొదలు 400 గజములవఱకు వడకగలదు. అనగా ఒక పౌనునకు 42 మొదలు 56 గంటలు పట్టును. ఇల్లు చిమ్మి, నీరు తెచ్చి, వండి వడ్డించి, బిడ్డను నిద్రపుచ్చిన పిమ్మట దినమునకు రెండు గంటలు చిక్కునని యనుకొన్నచో, ఆ పౌను పూర్తియగుటకు మూడు నాలుగు వారములు. అట్టి నూలుతో నేసిన సాదా చీరకు ఒక పౌను చాలదు. ఇంతటి పనిని మనము 'తీరికవేళల పని' యనుచుంటిమి. తీరిక యెవరిదో తెలియదు!

మన పూర్వులు ఈ శ్రమను గుర్తింపకపోలేదు. 1909లో శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున సూత్రాధ్యక్షుని గూర్చి యొక ప్రకరణము కలదు. వితంతువులచేతను, అంగవైకల్యము గల స్త్రీలచేతను, కన్యలచేతను నూలు వడికింపవలెననియు, నూలు సన్నదనమును బట్టి వేతనము నిర్ణయింపవలెననియు, ఇల్లు వెడలని స్త్రీలకు దాసీల ద్వారమున పని పంపవలెననియు అందు విధింపబడెను. తెల్లవాఱుజామున నూలు తెచ్చిన స్త్రీ ముఖమును చూచు అధికారికిని, వేతన మిచ్చుటలో ఆలస్యము చేయు అధికారికిని దండన కలదు. పనిచేయు స్త్రీకి మర్యాదయు, సకాలమున కూలియు దక్కవలెనను ఈ రెండు సూత్రములను మించి నేటి సంస్కర్త చెప్పవలసినది స్వల్పము.

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు మరనూలు ఓడలపై దిగెను. సాలెవాడు మరనూలు కొని మగ్గమును నిలుపుకొనగలిగెను. వడకు స్త్రీకి అట్టి మార్గము లేకపోయెను. చెన్నరాజధానిలో మగ్గములపై మొతర్ఫా పన్ను ఉండినపుడు, గాజుల లక్ష్మీనరసుసెట్టిగారి సంఘము 1852లో సీమ పార్లమెంటునకు పంపిన మహజరులో ఆ పన్నును గూర్చి మొఱపెట్టెను. నేతగానికి మొఱపెట్టువారైన నుండిరి. అటకెక్కిన రాట్నమును గూర్చి అట్టి మహజరు వ్రాయబడినట్లు మేము వినలేదు. ఇంటిలో పోయిన సంపాదన ఇంటిలోనే మౌనముగా అణగిపోయెను.

1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో బెజవాడలో కూడిన అఖిలభారత కాంగ్రెసు సంఘము 20 లక్షల రాట్నములను నడిపింపవలెనని తీర్మానించెను. వారము తిరుగకమున్నే, ఏప్రిలు 7వ తేదీన, నెల్లూరునకు తూర్పున పెన్న యొడ్డునగల పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమమును గాంధీమహాత్ముడు ప్రారంభించెను. దిగుమర్తి హనుమంతరావుగారును, చతుర్వేదుల వేంకటకృష్ణయ్యగారును దానికి మూలపురుషులు. పొట్లపూడికి కోడలై వచ్చిన పొణకా కనకమ్మగారు (1892-1963) ఆశ్రమమునకు భూమి సమకూర్చిరి. 1923లో నెల్లూర బాలికలకై కస్తూరీదేవి విద్యాలయమును స్థాపించిరి. కదురును పలకయు ఒక్క స్త్రీహృదయమునుండి వెలువడుట యిచ్చట గమనింపదగినది.

అటుపిమ్మట జరిగిన యొక విచిత్రమును చదువరులు చిత్తగింపవలెను. 1924 డిసెంబరులో బెల్గాము కాంగ్రెసు, సభ్యుడగువాడు నెలకు 2,000 గజముల నూలు ఇయ్యవలెనని నియమించెను. మా లెక్కచొప్పున నది నెలకు అయిదాఱు గంటల పని. దేశభక్తులగు పురుషులకే ఇది దుర్భరమై తోచెను. మఱుసటి యేడే నియమమును సడలింపవలసివచ్చెను. ఒక్క పౌనునకు ఏబదిగంటలు కూర్చుండిన స్త్రీ సహనము ఎట్టిదో నాడైన మనవారికి బోధపడియుండవలెను. 1925లో ఏర్పడిన చరఖాసంఘము 1935లో వడకువారి కూలిని పెంచ నిశ్చయించెను. ఎనిమిది గంటల పనికి ఎనిమిది అణాలు ఉండవలెనని గాంధిగారు కోరిరి. ఖద్దరు ప్రియమగునను భయముచే అంతకు చాల తక్కువకే నిర్ణయము జరిగెను. బట్ట పవిత్రమని పొగడుటకు వెల లేదు. వడికిన చేతికి కూలి యిచ్చుటకు వెల గలదు. మన యాదర్శములు తఱచు ఈ రెంటి నడుమనే తడబడుచుండును.

నేడు పల్లిపాడు ఆశ్రమమును రెడ్‌క్రాసు సంఘము కాపాడుచున్నది. పూర్వపు నెల్లూరు జిల్లాలోని వేంకటగిరిలో సన్ననూలు చీరలపై జాందానీ బుటాలను, పేకదారమును చేతితో చొప్పించి, ఇప్పటికిని నేయుచున్నారు. 2019-20 చేనేత గణనలో దేశమున 35 లక్షలకు పైగా చేనేత పనివారు తేలిరి. వారిలో నూటికి 70 మందికి మించి స్త్రీలే. అయినను చీర వెల మగ్గమునుబట్టియే యెంచబడును. ఆసు, గంజి, కండె 'ఇంటిసాయము' అను పేర లెక్కకు రాకపోవుట నేటికిని సామాన్యము.

చేతిపనులు గృహమునకు శోభయనుట నిజము. తల్లి ప్రక్కన కూర్చుండి పని నేర్చు బిడ్డకు ఓర్పును, వ్రేళ్ల నేర్పును అలవడుననుటయు నిజము. కాని ఉపాధ్యాయులమైన మేము ఒక్కమాట చెప్పక తప్పదు. కండె చుట్టుటకై బడి మాన్పింపబడిన బాలిక శోభకు చిహ్నము కాదు. కూలి లేని యిల్లాలి శ్రమ త్యాగమునకు చిహ్నము కాదు. మన గృహములలో చేనేతచీర కొనునపుడు రంగును, అంచును, వెలను విచారించుచున్నాము. ఆసుపోసిన దెవరు, కండె చుట్టిన దెవరు, ఆ కూలి ఎవరి చేతికి ముట్టెను అని గూడ విచారించుట అభ్యాసము చేసికొందము. సహకారసంఘముల పుస్తకములలో నేతగాని పేరు ప్రక్కన అతని యిల్లాలి పేరును, ఆమె పనిగంటలును వ్రాయబడునాడు, మూడునూఱుల యేండ్లుగా పేరు లేనివారికి మన చరిత్రలో మొదటి పంక్తి వ్రాయబడినట్లగును.