ద్వీపాల అధ్యాపకులకు కేబుల్ వచ్చిన వేళ

పోర్ట్ బ్లెయిర్‌లో జవాహర్‌లాల్ నెహ్రూ రాజ్‌కీయ మహావిద్యాలయం (ప్రభుత్వ కళాశాల) 1967లో మొదలైంది. చాలాకాలం పాండిచ్చేరి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచింది. అంటే పాఠం చెప్పేది ఒక ఒడ్డున, సిలబస్ తయారయ్యేది సముద్రానికి అవతలి ఒడ్డున.

అధ్యాపకుల శిక్షణదీ అదే తీరు. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) దేశమంతటా అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టింది. ఓరియంటేషన్ నాలుగు వారాలు, రిఫ్రెషర్ మూడు వారాలు; ప్రమోషన్ రావాలంటే ఇవి పూర్తి చేయాల్సి ఉండేది. ఉస్మానియాలో జరిగే కోర్సుకు వరంగల్ లెక్చరర్ పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరతారు. అండమాన్ లెక్చరర్ ఓడెక్కితే చెన్నైకో విశాఖకో చేరేసరికే రెండున్నర, మూడు రోజులు.

ఈ దూరాన్ని చెరిపేయడానికే వెబ్ శిక్షణ పుట్టిందనిపిస్తుంది. 2017 జులైలో ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం, మరుసటి ఏడాది నవంబరులో అందులోనే అధ్యాపకుల కోసం అర్పిత్ అనే రిఫ్రెషర్ కార్యక్రమం వచ్చాయి. అర్పిత్‌లో 40 గంటల కోర్సు: సగం వీడియోలు, సగం చదువుకునే సామగ్రి, చివర్లో పరీక్ష. గట్టెక్కితే ఒక రిఫ్రెషర్‌తో సమానంగా లెక్కించేవారు. సెలవు పెట్టక్కర్లేదు, ఓడ టికెట్టు కోసం వరసలో నిలబడక్కర్లేదు.

కానీ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ల దగ్గరే నెట్ బలహీనంగా ఉండేది. అప్పట్లో ద్వీపాల ఇంటర్నెట్ ఉపగ్రహాల మీద ఆధారపడింది. భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తుకు సిగ్నల్ వెళ్లి దిగాలి. ఇక్కడ అడిగిన ప్రశ్న అక్కడికి చేరి, జవాబు తిరిగి రావడానికి ప్రయాణానికే దాదాపు అర సెకను పడుతుంది. ఉన్న కాస్త బ్యాండ్‌విడ్త్‌నే ఆఫీసులు, ఆస్పత్రులు, ఇళ్లు పంచుకోవాల్సి వచ్చేది. అందులో వీడియో పాఠం చూడటమే కష్టం, చెప్పడం ఇంకా కష్టం.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దేశంలోని తరగతులన్నీ ఆన్‌లైన్ బాట పట్టాయి. కానీ చెన్నై నుంచి ద్వీపాలకు సముద్రగర్భంలో వేసిన ఇంటర్నెట్ కేబుల్ ఆగస్టు 10న గానీ ప్రారంభం కాలేదు. దాదాపు 2,300 కిలోమీటర్ల పొడవు, సుమారు 1,224 కోట్ల రూపాయల ఖర్చు. పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలాండ్, రంగత్‌లకూ అది చేరింది. అండమాన్‌లో అధ్యాపక శిక్షణ చరిత్ర రాసేవాళ్లు కోర్సుల పేర్ల కంటే ముందు రాయాల్సిన తేదీ ఆ ఆగస్టు 10.

2023లో స్టాఫ్ కాలేజీల వారసత్వం మాలవీయ మిషన్ అధ్యాపక శిక్షణ కేంద్రాలకు వచ్చింది. ఆన్‌లైన్ కోర్సులు ఇప్పుడు మామూలే. అయితే భాష చిక్కు ఒకటి ఉంది. 2011 జనాభా లెక్కల్లో ఈ ద్వీపాల్లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత తెలుగే పెద్ద మాతృభాష. నూటికి 13 మందికి పైగా తెలుగువాళ్లు. ఇన్ని భాషల పిల్లలు కూర్చునే తరగతికి వీడియో పాఠం ఎలా తయారు చేయాలో ద్వీపాల అధ్యాపకులకు విడిగా నేర్పాలి.